మైకు ఆపిన తపస్సుకాలం: ఒక గ్రామ విచారణలో ప్రార్థన గురించి కేస్ స్టడీ

ఇది ఒక కథోలిక గ్రామ విచారణలో, అంటే ఒక గురువు (ఫాదర్) చూసుకునే స్థానిక సంఘంలో, 2022 వర్షాకాలం నుంచి 2023 ఎండాకాలం దాకా జరిగిన విషయం. తపస్సుకాలం అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులు. అప్పుడు నేను అక్కడ విచారణ గురువుని. కొత్తగా విచారణ బాధ్యత తీసుకుంటున్న గురువులకు, ఉపదేశులకు, వాడల్లో ప్రార్థన నడిపించే సిస్టర్లకు, సంఘ పెద్దలకు పనికొస్తుందని రాస్తున్నాను. ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కొన్ని మార్చాను. పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర రహస్యంగా పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్న మాట ఇందులో ఒక్కటి కూడా లేదు. ఇందులో వచ్చే ఇద్దరినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే రాశాను.

ఊరు, వాడ ప్రార్థన

అది మిరప పండే ఊరు. 2021–22లో నల్ల తామర పురుగు పూతనంతా తినేసి మిరప రైతులను ముంచిన సంగతి ఆ వైపు వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. మా విచారణలో సొంత పొలం ఉన్నవాళ్లు కొద్దిమందే. కౌలుకి చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లే ఎక్కువ. నేను వెళ్లేసరికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక అప్పు కథ ఉంది.

గురువారం సాయంత్రాలు వాడ ప్రార్థన జరిగేది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. పాట, సువిశేష పఠనం, దాని మీద నాలుగు మాటలు, తర్వాత ఎవరికి వారు పైకి చెప్పే సొంత ప్రార్థనలు, పది పూసల జపమాల, చివర్లో టీ. యాంప్లిఫయర్ పెట్టె, హారన్ బండి మీద తెచ్చి గుమ్మానికి కట్టేవారు. ఇంట్లో పదిహేను మందే కూర్చున్నా ప్రార్థన మాత్రం రెండు వీధులకు వినిపించేది. అలా వినిపిస్తేనే ప్రార్థన బాగా జరిగినట్టు అని ఊరి నమ్మకం. నేను కూడా మొదట్లో దాన్ని తప్పు పట్టలేదు.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. విచారణలో భూమి ఉన్న కుటుంబాలు ఒక వైపు, దళిత వాడ కుటుంబాలు ఒక వైపు. ఒకే గుడి, ఒకే పీఠం, ఒకే దివ్యసత్ప్రసాదం. అయినా ప్రార్థన నడిపించేది ఎప్పుడూ మొదటి వైపు వాళ్లే. చెప్పులు గుడి బయట విడిచినంత తేలిగ్గా కులాన్ని విడిచి రావడం లేదు మనం. జరిగింది అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

జరిగిన సంగతి

ప్రార్థన నడిపించే పెద్దాయనకు 70 దాటాయి. వాళ్ల నాన్న ఉపదేశి. సైకిల్ కూడా లేని రోజుల్లో ఊరూరా నడిచి జపాలు నేర్పిన మనిషి. ఈయనకు కీర్తనలు నోటికి వచ్చు. గొంతు బాగుంటుంది. చావు ఇంట్లో ఈయన ప్రార్థన మొదలుపెడితే ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగి వినేవారు. ఇన్నేళ్లుగా విచారణను ఆదుకున్నవాళ్లలో ఆయన ఒకరు. ఇది ముందే చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్నవుతాను.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒక గురువారం, దళిత వాడకు ఆనుకుని ఉన్న ఒక ఇంట్లో ప్రార్థన. పెద్దాయన మైకు తీసుకున్నాడు. పీఠాధిపతుల కోసం, వాన కోసం, పంట కోసం ప్రార్థించి, తర్వాత ఇలా అన్నాడు: "ప్రభువా, ఈ పక్క వీధిలో ఒక తల్లి ఉంది. భర్త లేని తల్లి. ఆమె కొడుకు సెల్ ఫోన్‌లో క్రికెట్ బెట్టింగులు ఆడి, తల్లి చెవి కమ్మలు కూడా తాకట్టు పెట్టాడు. ఆ బిడ్డ కళ్లు తెరిపించు. ఆ తల్లికి బిడ్డను అదుపులో పెట్టుకునే బుద్ధి దయచేయి."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ తల్లి అక్కడే, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. హారన్ మాత్రం ఆమె వెంటే ఇంటి దాకా వెళ్లింది.

నేనూ అక్కడే ఉన్నాను. ఆపలేదు. ఆ ప్రార్థన మొత్తం 14 నిమిషాలు సాగింది. నాకు ఆ లెక్క ఎలా తెలుసంటే, నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. ప్రార్థనలో ఉండి వాచీ చూసుకున్నాను గానీ లేచి వెళ్తున్న మనిషిని చూడలేదు. ఎవరో తర్వాత చెబితే తెలిసింది.

ఆ ఆదివారం ఆమె పూజకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నేను చేసిన పొరపాటు

అక్టోబరు 23న సామాన్య కాలపు 30వ ఆదివారం. ఆ ఏడాది సువిశేషం లూకా 18వ అధ్యాయం నుంచి, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ఉపమానం. ఇద్దరూ ప్రార్థించడానికి దేవాలయానికి వెళ్తారు. ఒకడు నిలబడి తన ఉపవాసాలూ దశమ భాగాలూ చెప్పుకుంటూ, ఇతరుల వంటివాణ్ని కానందుకు, ఈ సుంకరి వంటివాణ్ని కానందుకు కృతజ్ఞతలు చెబుతాడు. రెండోవాడు దూరంగా నిలబడి, తల పైకెత్తలేక, రొమ్ము కొట్టుకుంటూ పాపినైన నన్ను కరుణించమంటాడు.

నాకు ఆ ఉపమానం చేతికి దొరికిన కర్రలాగా కనిపించింది. చాలా సిద్ధపడి ప్రసంగం చేశాను. ఇతరుల బతుకుని ప్రార్థనలో పెట్టి ఊరంతటికీ వినిపించేవాళ్లు ఈ పరిసయ్యుడి వారసులని అన్నాను. నేనూ పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. జనం అంతా మొదటి బెంచీ వైపు చూశారు.

పూజ అయ్యాక ఒక కుర్రాడు వచ్చి, "ఫాదర్, ఇవాళ భలే తగిలించారు" అన్నాడు. ఆ సాయంత్రం నాకు సంతోషంగానే ఉంది. ఆమె తరఫున నిలబడ్డానని అనుకున్నాను.

రెండు రోజులాగి సిస్టర్‌తో కలిసి ఆమె ఇంటికి వెళ్లాను. కుర్చీ తుడిచి వేసింది. నీళ్లిచ్చింది. నేను "ఆదివారం ప్రసంగం గురించి ఎవరైనా చెప్పారా అమ్మా" అని అడిగాను. "చెప్పేదేముంది ఫాదర్, మైకులో అంతా వినపడింది" అంది. కాసేపు ఆగి, నా వైపు చూడకుండా అంది: "ఆయన దేవుడికి చెప్పినట్టుగా చెప్పి మాకు చెప్పాడు నా సంగతి. మీరు మాకు చెప్పినట్టుగా చెప్పి ఆయనకు చెప్పారు ఆయన సంగతి. నాకు మళ్లీ అంతా చూసినట్టే అయింది."

ఈ కేసులో నేను నేర్చుకున్నది దాదాపు అంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. ఆ ఉపమానం ఎవరికోసం చెప్పారో లూకా ముందే రాశాడు: తామే నీతిమంతులమని నమ్ముకుని ఇతరులను చిన్నచూపు చూసేవాళ్లకు. ఆ ఆదివారం గుడిలో ఉన్నవాళ్లందరూ, పీఠం దగ్గరున్న నాతో సహా, "మేము ఆ పెద్దాయన వంటివాళ్లం కాదు, స్తోత్రం" అనుకుంటూ ఇంటికి వెళ్లాం. పరిసయ్యుణ్ని వేలెత్తి చూపిన ప్రతివాడూ ఆ పూటకి పరిసయ్యుడే అయ్యాడు. ఈ ఉపమానం మీద ప్రసంగించే గురువులకు నా మనవి ఒకటే: ఎవరో ఒకరి ముఖం మనసులో పెట్టుకుని దీన్ని సిద్ధం చేయకండి. మీ మనసులో ఉన్న ముఖం జనానికి కనపడిపోతుంది.

తర్వాతి ఆదివారం పెద్దాయన చివరి బెంచీలో కూర్చున్నాడు. ప్రార్థన నడిపించడం మానేశాడు. కొందరు వినయం వచ్చిందన్నారు, కొందరు అలిగాడన్నారు.

పెద్దాయన ఇంట్లో

ఆయన దగ్గరికి వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. వెళ్లేటప్పుడు కూడా మనసులో ఒక జాబితా ఉంది: ఆయన ఎక్కడ తప్పు చేశాడు, ఆమెను ఎలా క్షమాపణ అడగాలి, ఇకమీదట ప్రార్థన ఎంతసేపు చేయాలి.

ఆయన భార్య మంచం మీద ఉంది. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆయనే జావ తాగిస్తున్నాడు. చెంచా నోటి దగ్గర పెట్టి, ఆమె మింగేదాకా ఆగి, మూతి తుడిచి, మళ్లీ ఇంకో చెంచా. గిన్నె అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నేనూ కూర్చున్నాను.

తర్వాత నేను ముందుగా నా ప్రసంగం గురించి క్షమాపణ అడిగాను. జాబితా తీయలేదు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత అన్న మాట నేను ఊహించనిది. "నలుగురిలో ఉంటే నాకు మాట వస్తుంది ఫాదర్. ఇంట్లో నోరు రాదు. నలభై ఏళ్లు మేమిద్దరం కూర్చుని జపమాల చెప్పుకున్నాం. 'మరియమ్మా వందనము' అని నేనంటే 'పరిశుద్ధ మరియమ్మా' అని ఆమె అందుకునేది. ఇప్పుడు జవాబు చెప్పే మనిషి లేదు. నా సగం చెప్పి ఆగిపోతున్నా. ఏడాది నుంచి ఇంట్లో ప్రార్థన లేదు."

అప్పుడు నాకు అర్థమైంది. మేమందరం ఆయనలో గర్వం చూశాం. గర్వం లేదని చెప్పను, కొంత ఉంది, ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. కానీ ఆ 14 నిమిషాల కింద ఉన్నది ప్రార్థన ఎండిపోయిన మనిషి. తన సంగతి దేవుడికి చెప్పుకోలేకపోయాడు కాబట్టే ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పాడు. గురువారం మైకులో అన్ని మాటలు దొర్లిన నోట తన భార్య గురించి ఒక్క మాట కూడా నేను వినలేదు. మా ఎవరికీ ఆ లోటు తట్టలేదు.

"మీ సగం మీరు చెప్పండి, ఆమె సగానికి పట్టే సేపు ఆగండి. ఆమె లోపల చెప్పుకుంటుందేమో మనకేం తెలుసు" అన్నాను. అంతకంటే నాకు ఏమీ తోచలేదు.

ఈ విషయంలో పూర్వపు పెద్దలు చాలా జాగ్రత్తగా మాట్లాడారు. 412 ప్రాంతంలో పునీత అగుస్తీను గారు ప్రోబా అనే విధవరాలికి ప్రార్థన గురించి ఒక పెద్ద ఉత్తరం రాశారు. ఎక్కువ మాట్లాడటం వేరు, ఎక్కువసేపు మనసు దేవుడి మీద నిలపడం వేరని అందులో విడమరిచి చెబుతారు. అంటే నిడివి తప్పు కాదు. యేసు ప్రభువే రాత్రంతా ప్రార్థించారు. కథోలిక విశ్వాసాన్ని వివరించే గ్రంథమైన కథోలిక శ్రీసభ సత్యోపదేశం 2559వ పేరా వినయాన్ని ప్రార్థనకు పునాది అంటుంది. మనిషి దేవుని ముందు యాచకుడు అన్న అగుస్తీను గారి మాటనే అక్కడ ఎత్తి చూపుతుంది. యాచకుడు తన గిన్నె చాపుతాడు, పక్కవాడి గిన్నెలో ఏముందో వర్ణించడు. మా వాడ ప్రార్థనల్లో తప్పిపోయింది ఇదే అని నాకు అప్పటికి స్పష్టమైంది.

తపస్సుకాలంలో చేసిన మార్పులు

2023 ఫిబ్రవరి 22న తపస్సుకాలం మొదలయ్యే భస్మ బుధవారం. ఆ రోజు సువిశేషం మత్తయి 6వ అధ్యాయం: నీ గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమని. ఈసారి ప్రసంగంలో ఎవరి గురించీ మాట్లాడలేదు. నా వాచీ సంగతి చెప్పాను. ఈ నలభై రోజులు వాడ ప్రార్థనకు మైకు వద్దు, కావలసినవాళ్లు ఇంటికి వచ్చి వింటారు అన్నాను.

సువిశేషం చదివాక మౌనం పెట్టాం. గడియారం చూడొద్దు, పరలోక ప్రార్థన మనసులో మెల్లగా మూడుసార్లు చెప్పుకునేంత సేపు అని కొలత ఇచ్చాను. సొంత ప్రార్థనలో ఒక్కటే నియమం: ముందు తన అవసరం ఒక్క వాక్యంలో అడగాలి. వేరేవాళ్ల కోసం అడగాలనుకుంటే పేరు చెప్పాలి, కథ చెప్పకూడదు. ఆ పేరు చెప్పడానికి కూడా వాళ్లను ముందే అడిగి ఉండాలి. లేకపోతే మనసులోనే చెప్పుకోవాలి.

ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థనలు కూడా మార్చాం. రెండో వాటికన్ మహాసభ 1963లో అర్చన మీద ఇచ్చిన ప్రకటనలో ఈ ప్రార్థనలను తిరిగి ప్రవేశపెట్టింది. పూజా గ్రంథపు సాధారణ సూచనల్లో 70, 71 పేరాలు చూడండి: శ్రీసభ కోసం, పాలకుల కోసం, లోకం కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం, స్థానిక సంఘం కోసం, తక్కువ మాటల్లో, సంఘమంతటి మనవిగా ఉండాలి. మా దగ్గర అవి చిన్న ప్రసంగాలుగా మారిపోయాయి. అందుకని వారానికో వాడ వాళ్లు కూర్చుని నాలుగే రాసుకు రావాలని పెట్టాం. దళిత వాడ వంతు మొదటి వారమే ఇచ్చాను. కావాలనే ఇచ్చాను. రాసినది చదవడానికి ఇంటర్ చదివే ఒక అమ్మాయి వచ్చింది. కాగితం వణికింది గానీ గొంతు వణకలేదు.

మొదటి రెండు గురువారాలు కష్టంగా గడిచాయి. మౌనంలో ఒకరు దగ్గేవారు, పిల్లలు కిసుక్కుమనేవారు, ఎవరో ఒకరు తట్టుకోలేక పాట ఎత్తుకునేవారు. "ప్రార్థన చప్పగా ఉంది ఫాదర్, ఊపు లేదు" అని మొహం మీదే చెప్పారు. రెండు కుటుంబాలు పక్క ఊళ్లో గట్టిగా ప్రార్థన జరిగే చోటికి వెళ్లిపోయాయి. ఒక కుటుంబం ఇప్పటికీ రాలేదు. అది నాకు బాధే. వాళ్లకు గట్టి ప్రార్థనలోనే ఓదార్పు దొరికేదేమో. ఇంకాస్త మెల్లగా మార్చి ఉంటే ఆగేవాళ్లేమో.

మూడో వారం నుంచి మాటలు మారాయి. అంతకు ముందు విననివి విన్నాను. "ప్రభువా, నేను నిన్న మా అత్తతో అబద్ధం చెప్పాను." "ప్రభువా, వడ్డీ కట్టాల్సిన రోజు వస్తుంటే నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది." ఇలాంటి మాట పైకి చెప్పాక ఎవరూ దాని మీద వ్యాఖ్యానం చేయకూడదని, టీ దగ్గర కూడా ఎత్తకూడదని సిస్టర్ గట్టిగా చెప్పారు. నిజాయితీగా మాట్లాడమని అడిగే ముందు ఆ మాటకు రక్షణ ఉండాలి. ఈ జాగ్రత్త తీసుకోకుండా "మనసు విప్పి ప్రార్థించండి" అనడం ప్రమాదం. మా ఊళ్లో జరిగింది చూశాక ఇది ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆమె

ఆమె ఆదివారం పూజకు రావడం లేదు గానీ గుడికి వస్తోందని నాకు మార్చిలో తెలిసింది. మిరప కోతల రోజులు. పొద్దున్నే ఆటోలో పొలానికి పోయి సాయంత్రం దిగగానే, ఇంటికి వెళ్లేముందు ఎవరూ లేని గుడిలో వెనక తలుపు దగ్గర కూర్చునేది. ఒకరోజు నేను పక్క గది నుంచి వస్తుంటే కనపడింది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉంది. వేళ్ల చివర్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. "చేతులు మండుతున్నాయి ఫాదర్. దండం పెడదామంటే ఒకదానికొకటి ఆనించలేకపోతున్నా. కన్నీళ్లొచ్చినా తుడుచుకోవడానికి లేదు, కళ్లలో కారం పడుతుంది. ఊరికే కూర్చున్నా."

నేనేమీ చెప్పలేదు. ఆ చేతులను చూశాక ప్రార్థన గురించి ఆమెకు నేర్పాల్సింది నా దగ్గర ఏమీ లేదనిపించింది. కాసేపు కూర్చుని వచ్చేశాను.

తపస్సుకాలం మూడో వారం శనివారం మళ్లీ అదే ఉపమానం వస్తుంది. ఆ ఏడాది అది మార్చి 18. గురువారం కోతలకు పోయినవాళ్లు ఆలస్యంగా వస్తున్నారని ఆ వారం వాడ ప్రార్థన శనివారానికి మార్చాం. ఆమె వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. మౌనం అయ్యాక ఇద్దరు ముగ్గురు అడిగారు. తర్వాత ఆమె: "ప్రభువా, నా కొడుకు మీద నాకు కోపంగా ఉంది. వాడి ముఖం చూడబుద్ధి కావడం లేదు. నన్ను కరుణించు." అంతే. అందరం మామూలుగా "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అన్నాం.

పెద్దాయన ఆ రోజు లోపలే ఉన్నాడు, తల వంచుకుని. ఏమీ అడగలేదు.

ఆయన ఆమెను క్షమాపణ అడిగాడా అని చాలామంది గురువులు నన్ను అడిగారు. అందరి ముందు అడిగించాలని ఒకప్పుడు నాకూ ఉండేది. అలా చేస్తే ఆమె సంగతి మూడోసారి మైకెక్కినట్టు అవుతుందని సిస్టర్ ఆపారు, అది మంచిదైంది. పవిత్ర వారంలో ఆయన ఒక సాయంత్రం ఆ వీధి వైపు నడిచి వెళ్లడం చూశాను. ఇద్దరి మధ్య ఏం మాటలు జరిగాయో నేను అడగలేదు. ఈస్టర్ నుంచి ఆమె పూజకు వస్తోంది, పక్క తలుపు దగ్గర కూర్చుంటోంది. కొడుకు హైదరాబాద్‌లో పనికి వెళ్లాడు. అప్పు తీరలేదు.

మిగిలిపోయినవి

మొదటి బెంచీలు ఇంకా మొదటి వైపు వాళ్లవే. ఒక తపస్సుకాలంలో మారే విషయం కాదు, కానీ విశ్వాసుల ప్రార్థనల వంతులు ఆగకుండా నడుస్తున్నాయి. పండుగకి మైకు మళ్లీ వచ్చింది, రావాలి కూడా, పండుగ ఊరంతటిదీ. వాడ ప్రార్థనకు మాత్రం తపస్సుకాలం అయిపోయాక కూడా మైకు కావాలని ఎవరూ అడగలేదు. పెద్దాయనను చావు ఇళ్లకు ఇప్పటికీ పిలుస్తున్నారు. ఇప్పుడు ఆయన ముందు కాసేపు ఊరికే కూర్చుంటాడట, తర్వాత మొదలుపెడతాడట. ఆయన గొంతూ ఆయన కీర్తనలూ పోకూడదని నా కోరిక. అందుకే జపాలు నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లను ఆయన దగ్గరికి పంపాను.

జూన్‌లో నాకు బదిలీ వచ్చింది. వెళ్లే ముందు రోజు సాయంత్రం చెప్పి వెళ్దామని వాళ్లింటికి వెళ్లాను. వరండాలో చెప్పులు విడుస్తుంటే లోపల నుంచి జపమాల వినిపించింది. తలుపు సగం తెరిచి ఉంది. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమె ఎడమ చెయ్యి తన చేతిలో పెట్టుకుని, తన సగం చెప్పి ఆగాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి. "పరిశుద్ధ మరియమ్మా" నుంచి చివరి ఆమెన్ దాకా పట్టేంత సేపు ఆయన ఆమె ముఖమే చూస్తూ ఉండి, తర్వాత ఒక పూస జరిపి మళ్లీ తన సగం మొదలుపెట్టాడు.

నేను చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. మర్నాడు పొద్దున బస్సు ఎక్కేముందు వెళ్లి కలిశాను.